బంగార్రాజు పేరు మీది కార్డు

పోలేరమ్మ ఆవేళ కూడా నాలుగో కంచం పెట్టింది.

ఇంట్లో తినేవాళ్లు ముగ్గురే. పోలేరమ్మ, ఆమె పెద్దకొడుకు కాశీరావు, చిన్నకోడలు రత్తమ్మ. నాలుగో కంచం చిన్నకొడుకు బంగార్రాజుది. కిందటి కార్తీకంలో ఉప్పెన వచ్చిన రోజున పడవ కట్టేసి వస్తానని ఒడ్డుకు వెళ్లిన బంగార్రాజు మళ్లీ ఇంటికి రాలేదు. శవం దొరకలేదు. తాలూకా ఆఫీసువాళ్లు రాసుకెళ్లిన చనిపోయినవాళ్ల పట్టీలో అతని పేరు ఉంది. పెద్దకర్మ కూడా జరిగిపోయింది.

పోలేరమ్మ ఆ కంచంలో అన్నం వడ్డించి, పులుసులోంచి పండుగప్ప చేప తలకాయ ఏరి వేసింది. బంగార్రాజుకి తలకాయ ఇష్టం. కాశీరావు అటు చూడకుండా ముద్ద కలుపుకున్నాడు. రత్తమ్మ ఆ కంచం వంకే చూస్తూ కూర్చుంది.

ఇదంతా ఆదివారం నాడు సైకిలు మీద వచ్చిన ఆ సొలొమోను పెట్టిన చిచ్చు.

సొలొమోను ఆరోగ్యశాఖ మనిషి. ఉప్పెన తరువాత ఈ వైపుకు కొత్తగా వేశారు. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో రెండు కలాలు పెట్టుకుని వాకిట్లో నిలబడి, "బంగార్రాజు గారి ఇల్లు ఇదేనాండీ" అని మర్యాదగానే అడిగాడు. పామర్రు ఆస్పత్రిలో ఆయన పేరు మీద కార్డు ఉందనీ, మార్చి నెల దాకా తప్పకుండా వచ్చి బిళ్లలు తీసుకున్నారనీ, ఆ తరువాత రావడం మానేశారనీ, ఎందుకు మానేశారో కనుక్కుందామని వచ్చాననీ చెప్పాడు. కార్తీకంలో పోయినవాడు మార్చిలో బిళ్లలు ఎలా తీసుకున్నాడని అక్కడ ఎవరికీ అడగాలని తోచలేదు. తోచేలోపు, కాశీరావు ఇంటికి రాకముందే, సొలొమోను సైకిలెక్కి వెళ్లిపోయాడు. పాపం, తాను ఎలాంటి ఇంట్లో ఎలాంటి మాట వదిలి వెళ్లాడో అతనికి తెలియదు.

పాలెం పాలెమంతా ఆ మాట పట్టుకుంది. బంగార్రాజు కొట్టుకుపోయి ఎక్కడో ఒడ్డున తేలాడనీ, మతి పోయి ఇల్లు మరిచిపోయాడనీ కొందరన్నారు. మతి పోయినవాడికి పామర్రు బస్సు ఎలా గుర్తుందని ఇంకొందరు అడిగారు. అక్కడ ఇంకోదాన్ని ఉంచుకున్నాడని చెప్పడానికి ఇద్దరు ఆడవాళ్లు పనిగట్టుకుని రత్తమ్మ దగ్గరికే వచ్చారు. ఇలాంటి సంగతులు చెప్పడానికి జనానికి ఎక్కడ లేని తీరికా దొరుకుతుంది.

రత్తమ్మకి వచ్చే బుధవారం మారుమనువు. పోలరాజుతో. పోలరాజు భార్యా బిడ్డా ఇద్దరూ ఉప్పెనలోనే పోయారు. రత్తమ్మను చేసుకుంటానని అతను తనంతట తానే వచ్చి పెద్దల్ని అడిగాడు. వాళ్లు సరేనన్నారు. ఇక మిగిలింది ఒకే ఒక్క తంతు. పోయినవాడి అన్న నలుగురిలో నిలబడి, ఈ పిల్లకి మా ఇంటితో ఇంక ముడి లేదని పుల్ల విరిచి చెప్పాలి. అది కాశీరావు చెయ్యాల్సిన పని. ఇప్పుడు పోయినవాడు పోయాడో లేదో తేలకుండా పుల్ల ఎలా విరుస్తారని కులపెద్ద వీరాస్వామి అడ్డం కూర్చున్నాడు. శుక్రవారం సాయంత్రం రామమందిరం అరుగు మీద తేలుస్తామన్నాడు.

ఆరోజు బుధవారం.

"బావగారూ, రేపు బెజవాడకి చేపల బుట్టలు వేసుకెళ్తారు గదా" అంది రత్తమ్మ, చివరికి నోరు పెగుల్చుకుని. "బస్సు పామర్రు మీంచేగా పోయేది. దిగి ఒక్కమాట అడిగి రాకూడదా?"

కాశీరావు ముద్ద కంచంలోనే ఉంచేశాడు. రేపు వెళ్లడం లేదని, నడుం పట్టేసిందని అన్నాడు.

"పోనీ శనివారం..."

"ఆ పుస్తకాలోళ్ల దగ్గరికి నన్ను పొమ్మంటావా? ఆపరేషన్ల ఏడాది అప్పుడే మరిచిపోయావా అమ్మాయ్?"

ఆపరేషన్ల ఏడాదిని పాలెంలో ఎవరూ మరిచిపోలేదు. ఎమర్జెన్సీలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకి పట్టుకుపోయే జీపు వస్తోందని తెలిసి మగవాళ్లంతా మడ అడవిలోకి పారిపోయి రెండు రోజులు దోమల్లో కూర్చున్నారు. అప్పటినుంచి అక్కడ ఒక కట్టుబాటు పుట్టింది. చేతిలో పుస్తకంతో వచ్చినవాడు ఎవడైనా సరే, వాడికి సొంతపేరు చెప్పకూడదు. మలేరియా మందు కొట్టేవాడికైనా, ఓటర్ల లిస్టు రాసేవాడికైనా పక్కింటివాడి పేరో, ఎదురింటివాడి పేరో చెప్పి పంపేస్తారు. అందువల్లనే ఓటర్ల లిస్టులో వీరాస్వామి పేరుతో ముగ్గురున్నారు. వీరాస్వామికి మాత్రం ఓటు లేదు.

రత్తమ్మ మనసులో ఒక ముల్లు దిగింది. వారానికి రెండుసార్లు ఆ ఊరి మీదుగా పోయే మనిషి, సొంత తమ్ముడు బతికి ఉన్నాడేమోనని ఒక్కసారి బస్సు దిగడా? సరే, ఆయనకి పుస్తకాలంటే భయం అనుకుందాం. ఈ అత్త మాటేమిటి? కొడుకు బతికున్నాడని నమ్మిన తల్లి కంచం పెట్టుకుని ఇంట్లో కూర్చుంటుందా? చెప్పుల్లేని కాళ్లతో పామర్రు దాకా నడిచి పోదూ?

చెయ్యి కడుక్కుని వాకిట్లోకి వచ్చేసరికి పోలరాజు వలలు ఆరేసిన చోట నిలబడి ఉన్నాడు. వాకిట్లోకి రాలేదు. రత్తమ్మే నాలుగడుగులు వేసింది.

"నువ్వు బెంగపడమాక" అన్నాడతను. "పోయినోడు పోయాడని తేలితే సాలు. పెద్దలు కాదన్నా, మీ బావ పుల్ల ఇరవకపోయినా నిన్ను ఒదిలేది లేదు."

ఉప్పెన తరువాత ఆ ఏడు నెలల్లో ఎవరూ ఆమెతో అంత గట్టిగా ఏ మాటా చెప్పలేదు. రత్తమ్మకి కళ్లు చెమర్చాయి. ఆ మాటే పట్టుకుని మరునాడు పొద్దున్నే, పుట్టింటివాళ్లు ఎవరో చల్లపల్లి వచ్చారని అత్తతో అబద్ధమాడి, మొదటి బస్సెక్కింది.

పామర్రులో గురువారం ఆస్పత్రి అంటే సంత వెనకాల ఒక రేకుల షెడ్డు. బల్ల ముందు తెరేసమ్మ అనే నర్సమ్మ బిళ్లలు లెక్కపెట్టి కాగితాల్లో పొట్లాలు కడుతోంది. గోడవారగా పదిహేనుమంది దాకా కూర్చుని ఉన్నారు. సగంమందికి నెత్తిమీద తువ్వాళ్లున్నాయి. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఉండటం అక్కడి మర్యాద. ఎవరి పేరు పిలిచినా మిగతావాళ్లు తలలు పక్కకి తిప్పుకుంటున్నారు.

ఇది కుష్ఠురోగం ఆస్పత్రి అని రత్తమ్మకి గోడ మీద రాసినది చదవకముందే అర్థమైంది. బల్లకి ఆ చివర కార్డులు రాస్తున్న సొలొమోను దగ్గరికి వెళ్లింది.

తాను బంగార్రాజు భార్యనని చెప్పగానే సొలొమోను కలం కింద పెట్టాడు. అతని చూపులో జాలి లేదు. దొంగ దొరికాడన్న చూపు అది.

"ఆయన్ని ఎందుకు దాస్తున్నారమ్మా?" అన్నాడు.

"ఉప్పెనలో పోయినోణ్ణి ఎక్కడ దాచనండీ?"

ఇలాంటి మాటలు సొలొమోను చాలా విన్నాడు. ఊరు వదిలిపోయాడనేవాళ్లు, సన్యాసుల్లో కలిశాడనేవాళ్లు, చచ్చిపోయాడని ఏడ్చేవాళ్లు కూడా ఉన్నారట. పోయాడన్న మనిషే వెనక గదిలోంచి దగ్గిన ఇళ్లున్నాయట. అందుకని ఆమె మాట నమ్మాడో లేదో పైకి తెలియనివ్వలేదు. చెక్కపెట్టెలోంచి ఒక పసుపుపచ్చ కార్డు తీసి ఆమె ముందు పెట్టాడు.

పైన బంగార్రాజు పేరుంది. పాలెం పేరుంది. చేపల వ్యాపారమని ఉంది. కింద మనిషి బొమ్మలు రెండు అచ్చువేసి ఉన్నాయి, ఒకటి ముందువైపు, ఇంకొకటి వెనకవైపు. వెనకవైపు బొమ్మకి ఎడమ భుజం రెక్క మీద ఎర్ర పెన్సిలుతో అరచెయ్యంత చుట్టు గీసి ఉంది. మోచేతి పైన ఇంకొకటి, చిన్నది.

"మీ ఆయన ఒంటి మీద ఈ మచ్చలు మీరు చూశారా?"

రత్తమ్మకి సిగ్గు వేసింది. అయినా ఆ బొమ్మ మీదినుంచి చూపు తిప్పుకోలేకపోయింది. ఆ వీపు ఆమెకు తెలుసు. వేటనుంచి వచ్చిన ప్రతిసారీ నువ్వులనూనె రాసిన వీపు. ఆ రెక్క మీద మచ్చ లేదు, మోచేతి పైనా లేదు.

మొదటిసారి ఎప్పుడొచ్చాడని అడిగింది. సొలొమోను కార్డు తిప్పి చదివాడు. డెబ్బై ఆరు ఆగస్టు పంతొమ్మిది, గురువారం.

ఆమె పెళ్లి డెబ్బై ఆరు ఆగస్టు పదిహేనున జరిగింది. పాలెం బడిలో జెండా ఎగరేసిన రోజు కాబట్టి ఆ తారీఖు మరిచిపోయే వీలు లేదు. పంతొమ్మిదిన బంగార్రాజు నిజాంపట్నంలో ఆమె పుట్టింట్లో కొత్తల్లుడి హోదాలో కూర్చుని, మరదళ్లు పెట్టే అల్లరికి తల పట్టుకుంటున్నాడు. పామర్రు వచ్చింది ఇంకెవరో.

ఆ ఇంకెవరో ఎవరన్నది అక్కడే, ఆ బల్ల ముందే ఆమెకు తట్టింది. తడుముకోవాల్సిన పని కూడా లేకపోయింది. పాలెంలో మగవాడన్నవాడు పెళ్లిలో తప్ప ఒంటిమీద గుడ్డ వేసుకోడు. కాశీరావు ఒక్కడే రెండేళ్లుగా మండుటెండలో, నీళ్లలో కూడా చేతుల బనీను విప్పడు. బెజవాడ పోతూ వస్తూ పట్నవాసం ఒంటబట్టిందని అందరూ వేళాకోళం చేసేవాళ్లు. రత్తమ్మ కూడా నవ్వింది.

ఆ ఏడాదే జీపు వచ్చింది. పామర్రులో పుస్తకం చూడగానే కాశీరావు కట్టుబాటు ప్రకారం సొంతపేరు మింగేసి, అప్పుడే పెళ్లయిన తమ్ముడి పేరు చెప్పి ఉంటాడు. పిల్లల్లేని కొత్త పెళ్లికొడుకుని ఆపరేషనుకి పట్టుకుపోరు కదా. బుద్ధిమంతుడే. ఆ పేరుగల మనిషి పదిహేను నెలలకే సముద్రంలో కలిసిపోతాడని అతను మాత్రం కలగన్నాడా?

సొలొమోను ఆమె ముఖం కనిపెడుతూనే ఉన్నాడు.

"ఎవరో మీకు తెలిసింది" అన్నాడు మెల్లిగా.

ఆమె కార్డుని బల్ల మీద అతనివైపు జరిపింది.

"పేరు చెప్పమని మిమ్మల్ని పీడించను. ఒక్కటి వినండి. ఈ బిళ్లలు ఏళ్ల తరబడి మింగాలి. మింగితే అదుపులో ఉంటుంది, పక్కవాళ్లకి అంటదు. మానేస్తే వేళ్లకు స్పర్శ పోతుంది, తరువాత వేళ్లే పోతాయి. ఇంకో సంగతి. ఈ తీరాన ప్రతి పాలెం నుంచీ నా పెట్టెలో ఏడో ఎనిమిదో కార్డులున్నాయి. మూడువందల గడప ఉన్న మీ ఊరి నుంచి ఒక్కటే ఉంది. ఆ ఒక్కటీ పోయినవాడి పేరు మీద. మిగతావాళ్లు ఎక్కడున్నారమ్మా?"

ఊరంతా ఒకేసారి చూస్తామని, వీరాస్వామి గారికి రెండుసార్లు కబురు పెట్టాననీ, జవాబు లేదనీ చెప్పాడు. ఒక్క ఇంటికే వెళితే ఆ ఇంటికి చెడ్డపేరు వస్తుందట. పెద్దవాళ్ల ఇంటినుంచి మొదలుపెట్టి అందరినీ చూస్తే ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపలేరట. వైద్యం అందరికీ అని గవర్నమెంటు గోడల మీద రాయడం తేలికేగానీ, ఆ అందరూ ఎవరో ముందు తనకు తెలియాలి కదా అన్నాడు. అది అంటున్నప్పుడు మాత్రం అతని గొంతులో ఆరోగ్యశాఖ పోయి, అలిసిపోయిన మనిషి వినపడ్డాడు.

రత్తమ్మ మధ్యాహ్నం బస్సుకి తిరిగి వచ్చింది. దారి పొడుగునా ఆమెకు సంతోషమూ ఏడుపూ కలిసే వచ్చాయి. మొగుడు పోయాడని రూఢి అయినందుకు సంతోషపడే ఆడది లోకంలో ఉంటుందా అని తనని తాను తిట్టుకుంది. కానీ పోలరాజు గుర్తొచ్చాడు. తాను ఒక్కమాట చెబితే బుధవారం తన బతుకు మళ్లీ మొదలవుతుంది. ఆ ఒక్కమాటతో బావగారి బతుకు ముగిసిపోతుంది.

పోలేరమ్మ వాకిట్లో తాటాకు చాప మీద ఎండుచేపలు తిరగేస్తోంది. చల్లపల్లిలో ఎవరొచ్చారని అడగలేదు. కోడలి ముఖం చూసి మళ్లీ చేపల మీదికి వంగింది.

"ఆ కార్డు మీ చిన్నకొడుకుది కాదత్తా" అంది రత్తమ్మ.

పోలేరమ్మ చెయ్యి ఆగలేదు. ఒక వరస తిరగేసింది. రెండో వరస తిరగేసింది. కాకిని తోలింది. రత్తమ్మ అలాగే నిలబడి ఉంది.

"నాకిద్దరు కొడుకులే రత్తీ" అంది పోలేరమ్మ చివరికి, తలెత్తకుండానే. "ఒకణ్ణి సముద్రం తీసుకుంది. రెండోవోణ్ణి ఈ ఊరికి ఇచ్చెయ్యమంటావా?"

"నీకు ముందే తెలుసా?"

"కన్నదాన్ని. తెలీదా?"

"అయితే ఆ కంచం..."

"పెడతాను. అందరూ సూసేదాకా పెడతాను. ఆడు బతికే ఉన్నాడని నేనంటే కాదనేవోడు ఎవుడు? ఈడి సంగతి బయటపడితే పడవ మీద కాలు పెట్టనిస్తారా? ఈడు తెచ్చిన చేప బెజవాడలో ముట్టుకుంటారా? నువ్వూ నేనూ ఏం తింటాం?"

రత్తమ్మకి ఒళ్లు మండిపోయింది. చచ్చిపోయిన కొడుకు కోసం ఆ ముసలిది ఏడుస్తోందని మూడు రోజులుగా తాను కుమిలిపోయింది. ఆ కంచం బంగార్రాజు కోసం కాదు. ఆ కార్డు బంగార్రాజుదేనని ఊరిని నమ్మించడం కోసం, బుధవారం పెళ్లి ఆపడం కోసం. అయినా ఆ కంచం ముందు అత్త కళ్లలో తిరిగిన నీళ్లు మాత్రం దొంగవి కావని కూడా ఆమెకు తెలుసు. అందుకే గట్టిగా అరవలేకపోయింది.

"మరి నా సంగతేంటత్తా?" అంది.

గుమ్మంలోంచి కాశీరావు జవాబు చెప్పాడు. అతను ఎప్పుడొచ్చి నిలబడ్డాడో ఇద్దరూ చూడలేదు.

"ఒక్క ఏడాది అమ్మాయ్. రేపు పెద్దలు అడిగితే కార్డు బంగార్రాజుదే అని చెప్పు. ఏడాది ఎతికాం, దొరకలేదని చెప్పి నేనే పుల్ల ఇరుస్తాను. పోలరాజు ఆగుతాడు. నేను మాట్టాడతాను."

"బిళ్లలెందుకు మానేశారు?"

ఆ సొలొమోను ఊళ్లోకి వస్తానన్నాడనీ, ఇంట్లోవాళ్లందరినీ చూడాలన్నాడనీ, అప్పటినుంచి పామర్రులో బస్సు దిగాలంటే వణుకు పుడుతోందనీ కాశీరావు చెప్పాడు. నిన్నటి కోపం ఇప్పుడు అతని గొంతులో లేదు.

"బావగారూ, బీడీ" అంది రత్తమ్మ.

కాశీరావుకి అర్థం కాలేదు. ఆమె చూస్తున్న చోటికి చూశాడు. వేళ్ల మధ్య బీడీ చివరిదాకా కాలి, నిప్పు చర్మానికి అంటుకుని ఉంది. అతనికి తెలియనే లేదు. తీరిగ్గా దాన్ని కింద పడేసి, కాలిన వేలిని ఇంకెవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

పోలేరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"మళ్లీ పామర్రు వెళ్లండి" అంది రత్తమ్మ. "నేను నోరు మూసుకుంటాను. పెళ్లి ఆగితే ఆగింది. మీరు మాత్రం వెళ్లాలి."

"ఏ పేరు చెప్పుకుని వెళ్లను?" అన్నాడు కాశీరావు.

శుక్రవారం సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే రామమందిరం అరుగు నిండిపోయింది. వలలు బాగుచేసేవాళ్లు వలలతో సహా వచ్చి కూర్చున్నారు. ఆడవాళ్లు గోడపక్కన నిలబడ్డారు. వీరాస్వామి తువ్వాలు భుజాల చుట్టూ కప్పుకుని మధ్యలో కూర్చున్నాడు. కాశీరావు ఒక చివర, బనీనుతో. పోలరాజు ఇంకో చివర, నలుగురికంటే ఒక అడుగు ముందు నిలబడి ఉన్నాడు.

వీరాస్వామికి అన్ని సంగతులూ ముందే తెలుస్తాయి. రత్తమ్మ పామర్రు వెళ్లి వచ్చిందని కూడా తెలిసింది. అందుకని చుట్టూ తిప్పకుండా ఆమెనే అడిగాడు.

"నువ్వు కార్డు సూసొచ్చావంట గదమ్మా. అది నీ మొగుడిదేనా, కాదా?"

రత్తమ్మ రాత్రంతా ఈ ప్రశ్న కోసమే మేలుకుని ఉంది. ఔనంటే పెళ్లి పోతుంది. పోతే పోయింది, కాశీరావు మళ్లీ బిళ్లలు మింగుతాడా అంటే అదీ లేదు. పేరు లేని మనిషికి బిళ్లలు ఎవరిస్తారు? కాదంటే వీరాస్వామి అడిగే తరువాతి ప్రశ్న, మరి ఎవరిదీ అన్నది. దానికి జవాబు అక్కడే బనీను వేసుకుని కూర్చుని ఉంది.

ఆమె పోలరాజు వంక ఒకసారి చూసింది. అతను ధైర్యం చెబుతున్నట్టు తలాడించాడు.

"నాకు తెలీదు బాబాయ్" అంది రత్తమ్మ. "కార్డులో మొగం లేదు. ఒంటి మీద మచ్చలు ఎక్కడెక్కడున్నాయో ఆ గుర్తులే ఉన్నాయి. ఆ సొలొమోనుగారు మీకు రెండుసార్లు కబురంపారంట. ఊరందర్నీ సూస్తారంట. మీ ఇంటినుంచి మొదలెట్టి, ప్రతి గడపా, ఆడా మగా, చంటిపిల్లలతో సహా. గుడ్డలిప్పించి సూస్తారంట. రమ్మనండి. ఆ గుర్తులున్న మనిషి ఈ ఊళ్లో ఉంటే దొరుకుతాడు. లేకపోతే మా ఆయన పోయినట్టే. అప్పుడు బావగారు పుల్ల ఇరుస్తారు."

ఆమె తెలివిగానే లెక్క వేసుకుంది. అందరినీ చూస్తే కాశీరావు పదిమందిలో ఒకడవుతాడు. ఒక్కణ్ణే వెలివేయగలరు గానీ పదిమందిని ఎవరు వెలివేస్తారు? పదిమంది ఎక్కడున్నారన్నది మాత్రం ఆమె ఆలోచించలేదు. సొలొమోను ఏదో లెక్క చెప్పాడు, అతని ఉద్యోగం అలాంటిది అనుకుంది.

ఇప్పుడు కనబడుతున్నారు.

వల అల్లుతున్న ముసలాయన అల్లడం ఆపి రెండు చేతులూ వల కింద దాచుకున్నాడు. గోడ దగ్గర ఒకావిడ పిల్లని చంకనెత్తుకుని మెల్లగా వెనక్కి జరిగింది. వీరాస్వామి తువ్వాలు కొసలు రెండూ దగ్గరికి లాక్కున్నాడు, గాలి అసలే లేదు. నిన్నటిదాకా ఒకరి ఇంట్లో ఒకరు కూరలు తెచ్చుకున్న మనుషులు, పక్కవాడికీ తనకీ మధ్య చోటెంత ఉందో చూసుకుంటున్నారు. పామర్రు షెడ్డులో గోడవారగా కూర్చున్నవాళ్లు ఇలాగే తలలు తిప్పుకున్నారు.

రత్తమ్మకి భయం వేసింది. తాను అడిగింది ఎంత పెద్ద సంగతో అప్పుడు తెలిసింది. అయినా పోలరాజు ఉన్నాడు. ఉప్పెనకే బెదరని మనిషి. అతను ఔనంటే నలుగురూ ఔనంటారు.

పోలరాజు గొంతు సవరించుకున్నాడు.

"ఊరందర్నీ ఎందుకు బాబాయ్" అన్నాడు, ఆమెతో కాదు, వీరాస్వామితో. "ఆ కార్డు బంగార్రాజుదే అయ్యుంటది. ఆడు బతికే ఉంటాడు. దానికోసం అందర్నీ గుడ్డలిప్పమనటం దేనికి?"

ఊపిరి బిగబట్టుకున్న అరుగంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. పెళ్లికొడుకే అంటుంటే మనం కాదనేదేముందని వీరాస్వామి గబగబా అందుకున్నాడు. ఏడాదిపాటు పెళ్లిమాట ఎత్తకూడదన్నాడు. పుస్తకంవాణ్ణి పొలిమేర దాటి రానివ్వకూడదన్నాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. జనం లేచి దుమ్ము దులుపుకున్నారు.

రత్తమ్మ కదల్లేదు. మొన్న వలల దగ్గర అంత గట్టిగా మాట ఇచ్చిన మనిషి తన కాళ్ల వంక చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. అతను తలెత్తుతాడేమోనని ఆమె చూసింది. ఎత్తలేదు.

ఈ మాటకి తనకంటే ఎక్కువ దెబ్బ తిన్నవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అన్నట్టు ఆమె బావగారి వంక తిరిగింది. కాశీరావు కూడా పోలరాజునే, తనలాంటి ఇంకొకణ్ణి చూస్తున్నట్టు చూస్తున్నాడు. అతని ముఖంలో బాధ ఉంది. ఆశ్చర్యం మాత్రం లేదు.